మైనర్

ఫారంలో రెండు గడులు.
మేజర్ దగ్గర కామర్స్ అని రాసి
మైనర్ దగ్గర పెన్ను ఆపినాను.
కిటికీలోంచి క్లర్కు తొందరపెడతాడు:
"టూరిజమా, మీడియా టెక్నాలజీనా, చెప్పు హులిగెమ్మా,
వెనక గుంతకల్లు దాకా ఉంది లైను."
మీడియా అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

రాత్రి చెప్తే
నాయన చేతిలో సంగటి ముద్ద చేతిలోనే నిలిచింది.
పెన్నోబులేసు, లష్కరు,
హెచ్చెల్సీ గట్ల మీద ఇరవై ఆరేండ్ల నడక.
మైనరంటే ఆయనకు తెలిసింది ఒకటే,
పెద్ద కాలువలోంచి చీలి
చివరి చేను దాకా పోవాల్సిన పిల్ల కాలువ.
"ఎంత పొడుగు?" అన్నాడు.
"మూడేండ్లు నాయనా."
"తూములెన్ని?"
"ఇరవై క్రెడిట్లు."
"చివర్న ఎవురి చేనుండాది?"
నాకు జవాబు రాలేదు.
అమ్మ నవ్వుకుంటా ఇంకో గరిటె పులుసు పోసింది.

అనంతపురంలో మా ల్యాబంటే
సైకిల్ స్టాండు పక్కన రేకుల గది.
ముప్పై ఒక్క మందిమి, నాలుగు హెడ్‌ఫోన్లు,
అందులో ఒకటి ఎడమ చెవికే పలుకుతుంది.
ఖలందర్ సార్ గెస్టు లెక్చరరు,
నిన్నమొన్నటి దాకా పెండ్లి వీడియోలాయన.
"బొమ్మ అబద్ధమాడుతుంది,
శబ్దానికి ఇంకా అంత తెలివి రాలేదు" అంటాడు.
తెర మీద వణికే పచ్చ గీతను చూపించి
ఇది ఏడుపో నవ్వో చెప్పమంటాడు.
మొదటి సెమిస్టరంతా
వినడం తప్ప ఇంకేమీ నేర్పలేదు.
ఆయనకు జీతమూ రాలేదు.

అసైన్‌మెంటు: మీ ఇంటి చప్పుడు.
రాయదుర్గం సాబిరా
జీన్సు ప్యాంట్ల మిషన్ల మోత తెచ్చింది,
సూది విరిగిన చోట అర సెకను మౌనంతో సహా.
కదిరప్ప వాళ్ళవ్వ
చెనక్కాయలు ఒలుస్తా కోడల్ని తిట్టిన తిట్లు తెచ్చినాడు.
క్లాసంతా రెండోసారి పెట్టమనింది.
నా దగ్గరేముంది?
నీళ్ళు రాని కాలువను
ఎవరన్నా రికార్డు చేస్తారా?

నీళ్ళు వదిలిన రాత్రి
ఫోను మైకుకు అమ్మ పాత రవిక గుడ్డ చుట్టి
టెయిలెండు కాడ కూర్చున్నాను.
నీళ్ళకంటే ముందు వచ్చేవాటిని
నేనెన్నడూ వినలేదు.
నెర్రెల్లోంచి కీచురాళ్ళ పరుగు,
ఎండు తుమ్మకాయల గలగల,
ఒక ప్లాస్టిక్ గ్లాసు దొర్లుకుంటా రావడం,
నల్లరేగడి గుటకలేయడం.
ఆ తర్వాతనే నీళ్ళు,
అడిగి అప్పు తీసుకున్నట్టు, మెల్లగా.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

నాయన తలగుడ్డ తీయనన్నాడు.
గుడ్డ మీదనే హెడ్‌ఫోన్లు పెట్టినాను.
కండ్లు మూసుకున్నాడు.
బాగుందంటాడేమో అని
ఆయన మీసం వైపే చూస్తా ఉన్నాను.
రెండో నిమిషంలో నొసలు ముడిపడింది.
"మళ్ళా పెట్టు."
పెట్టినాను.
"నేనెత్తింది ఎనిమిదంగుళాలు.
ఇది ఐదంగుళాల నీళ్ళ మాట.
మూడో తూము కాడ
ఎవుడో గండి కొట్టినాడు."
అంతే. టార్చీ, పారా, సైకిలూ.
తీగ తలగుడ్డకు తగులుకొని
నా ఫోను కూడా వాకిలి దాకా ఈడ్చుకుపోయింది.

సార్ పదికి ఆరేసినాడు.
గాలి ఎక్కువుందంట.
"గాలికి షట్టరు యాడుంటాదమ్మా" అన్నాడు నాయన,
ఆయన మార్కులే తగ్గినట్టు.

ఆ తెల్లారి గండి పూడ్చి
ఇద్దరం బురద కాళ్ళతో గట్టు మీద నిలబడినప్పుడు
చివరాకరి చేను, ఎకరా ఇరవై సెంట్లు,
నాగలింగమ్మవ్వది, తడిసింది.
నీళ్ళను చూసి అవ్వ ఏదో ఒక మాట అనింది.
నా జేబులో ఫోను చార్జింగు అయిపోయి ఉంది.
ఏమనిందో
నాయన ఒక తీరుగా చెప్తాడు,
నేను ఇంకో తీరుగా.